మూడో కాపీ యాడుంది?

మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం పూట చేయదగ్గ పనులు రెండే. ఒకటి నిద్ర. రెండోది, ఎన్నాళ్ళుగానో వాయిదా వేసిన పనిని ముందేసుకుని ఇంకోసారి వాయిదా వెయ్యడం. రిటైరైన మొదటి వేసవిలో నేను రెండోదానికి కూర్చున్నాను. కడప బండల అలమారలోంచి ఒక్కొక్కటే దించి చాప మీద పరిచాను. రెండు హార్డ్ డిస్కులు, అందులో ఒకటి కరెంటు ఇస్తే గోడగడియారంలా టక్కు టక్కుమంటుంది. ఏడు పెన్ డ్రైవులు. బిస్కెట్ల రేకు డబ్బా నిండా సీడీలు. ప్రాణం పోయిన సెల్‌ఫోన్లు మూడు. బ్యాటరీ ఉబ్బిన ఒక కెమెరా. అన్నిట్లో కలిపి మా ఇంటి ఫొటోలు నలభై ఒక్క వేల చిల్లర. ఆ లెక్క కంప్యూటరుది. నా లెక్కలో అయితే మహా ఉంటే నాలుగొందలు. మిగతావి ఆ నాలుగొందల వెంట వచ్చిన పరివారం.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, "ఏంది, అంగడి పెట్టినావు?" అని పడుకోబోయాడు.

అంగడి కాదు గానీ, ఈ పని నెత్తికెత్తుకోవడానికి కారణం 2009 అక్టోబరు 2. అప్పుడు మేము కర్నూలు పాత ఊళ్ళో, హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే వైపు ఉండేవాళ్ళం. ఆ ఏడు వానాకాలమంతా ఆకాశం వైపు చూడ్డంతోనే సరిపోయింది. కరువు సీమలో ఉన్నవాళ్ళకు వరదొస్తుందని చెబితే నవ్వుతారు. మేమూ నవ్వాం. సెప్టెంబరు ఆఖరులో పైన కురిసిన వానంతా కృష్ణలోకి, తుంగభద్రలోకి దిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చిపడ్డాయి. 885 అడుగుల దగ్గర నిండాల్సిన జలాశయం ఇంకో పదడుగుల పైకి పొంగింది. కింద దారి చాలని నీళ్ళు వెనక్కి తన్నాయి. పైనుంచి తుంగభద్ర తోస్తోంది, పక్కనుంచి హంద్రీ. మధ్యలో మా ఊరు.

మేడ ఎక్కేటప్పుడు చేతికందింది పట్టుకున్నాం. ఇంటి పత్రాలు, నా సర్వీసు కాగితాలు, ఉన్న నాలుగు బంగారు ముక్కలు, సగం బియ్యం మూట, మా అత్త వదలనంటే వదలనన్న చింతకాయ తొక్కు జాడీ. ఆల్బములు గుర్తుకు రాలేదు. రాలేదనడం కూడా సరికాదు. బీరువా పై అరలో ఉన్నాయి కదా, అంత ఎత్తుకు నీళ్ళెందుకు వస్తాయి అనుకున్నాం.

నీళ్ళు దిగాక తలుపు తోస్తే రాలేదు. లోపల బీరువా వెల్లకిలా పడి తలుపుకు అడ్డంగా ఉంది. ఆల్బములు ఇటుకలైపోయాయి. ఫొటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జిలాటిన్ పొర. నానితే అది జిగురవుతుంది, అట్లాగే ఆరితే పక్కదాన్ని కరుచుకుని వదలదు. తడిగా ఉన్నప్పుడే మంచినీళ్ళలో ఉంచి, ఓపిగ్గా ఒక్కొక్కటే విడదీసి, నీడపట్టున ఆరబెట్టాలట. ఈ సంగతి మాకు తెలిసేసరికి మేము మా సొంత తెలివితో ఆల్బములను ఎండకు పెట్టేశాం. ఆ వారమంతా మా వీధిలో దండేల మీద గుడ్డలతో పాటు పెళ్ళి ఫొటోలు వేలాడాయి. ఎవరింటి పెళ్ళికూతురో, ముఖం జారిపోయి పట్టుచీర మటుకు మిగిలింది.

కంప్యూటరును బోర్లిస్తే బురద కారింది. అందులో నాలుగేళ్ళ ఫొటోలు. వాటికి ఇంకో కాపీ ఉండాలని అప్పట్లో మాకెవరికీ తోచలేదు. రేకు డబ్బాలోని సీడీలను మటుకు కుళాయి కింద కడిగి తుడిస్తే చాలా వరకు ఆడాయి. ఆ సంబరంలో సీడీ అంటే చిరంజీవి అనుకున్నాను. పదేళ్ళ తర్వాత అదే డబ్బా తీస్తే సగం సీడీలు నోరు విప్పలేదు. ఇంట్లో మనం రాసుకునే సీడీలో సమాచారం నిలిచేది ఒక రంగు పొర మీద. వేడికి, వెలుతురుకు ఆ రంగు మెల్లగా చెడుతుంది. కర్నూలు వరదను తట్టుకున్నవి కర్నూలు ఎండను తట్టుకోలేదు.

మరి మా పెళ్ళి ఫొటో ఇప్పుడు హాల్లో ఎట్లా ఉందని మీరు అడగాలి. మాకు పెళ్ళి ఫొటోలు తీసిన స్టూడియో కూడా ఆ నీళ్ళలోనే మునిగింది, నెగెటివులతో సహా. మా ఇంటికి తిరిగొచ్చిన ఫొటోలన్నీ ఊళ్ళ నుంచి వచ్చాయి. అమ్మ కడప ఇంట్లో గోడకున్న పెళ్ళి ఫొటో పటంతో సహా పంపింది. పొద్దుటూరు చిన్నమ్మ దగ్గర ఆరు. ఆదోని మామ దగ్గర, ఆయన తన ముఖం కనబడిన ఫొటోలు తప్ప ఏవీ దాచడు కాబట్టి, ఆయన ఉన్నవి పదకొండు. అప్పట్లో స్టూడియోవాళ్ళకు పోస్టుకార్డు సైజువి అదనంగా చెప్పి చుట్టాలకు పంచేవాళ్ళం. పంచేటప్పుడు మా అత్త "ఊరికే ఖర్చు" అని సణిగేది. నాలుగొందల పైచిలుకు ఫొటోల్లో అట్లా డెబ్బైదాకా వెనక్కి చేరాయి.

ఆ డెబ్బైని వరుసగా పేర్చుకున్నప్పుడు గమనించాను. అన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చినవే. చాలా ఇష్టమని, ఎవరికీ ఇవ్వకుండా పట్టుచీరల మడతల్లో దాచుకున్నవి ఒక్కటీ లేదు. మా వాడికి మొదటిసారి తల వెంట్రుకలు తీసినప్పటి ఫొటో ఒకటుండేది. నా ఒళ్ళో గుండుతో, నోట్లో పిడికిలి. దాన్ని చిన్నమ్మ రెండుసార్లు అడిగింది. నేనివ్వలేదు.

ఆ గుండు పిల్లాడు ఇప్పుడు బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. నా అంగడి సంగతి విని ఫోనులో, "అమ్మా, త్రీ టూ వన్ తెలుసా?" అన్నాడు. అరవై ఏళ్ళ టీచరమ్మకు అంకెలు చెప్పే వయసు వచ్చింది వాడికి. పీటర్ క్రోగ్ అని ఒక అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం అది. ఏ ఫొటోకైనా మూడు కాపీలు ఉండాలి, అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. వినగానే నాకు మొదటి రెండు అంకెలు పెద్ద గొప్పగా అనిపించలేదు. మూడోది, ఆ 'వేరే చోట', సూటిగా తగిలింది. 2009లో మా ఇంట్లో ఒక్కో ఫొటోకు రెండు కాపీలున్నా ఏం లాభం? రెండూ ఒకే బీరువాలో మునిగేవి.

వాడు ఇంకో మాట కూడా చెప్పాడు, దానికి మటుకు నేను ముందే జరిమానా కట్టి ఉన్నాను. ఫోనులో ఫొటోలన్నీ ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లోకి పోతున్నాయి కదా, ఇంక భయమెందుకని ఒకసారి జాగా కోసం ఫోనులో నుంచి చెరిపేశాను. అక్కడా చెరిగిపోయాయి. రెండు చోట్లా ఒకేలా ఉంచడం దాని పని, అది దాని పని చక్కగా చేసింది. చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉంటాయట. నేను చూసుకునేసరికి ఆ కొన్నాళ్ళు దాటిపోయాయి. మా బడి వార్షికోత్సవం ఒకటి అట్లా పోయింది. అద్దంలో బొమ్మను అద్దం దాచిపెడుతోంది అనుకున్నాను.

గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని పెట్టుకున్నా ఉచితం అనే రోజులు కూడా 2021 జూన్ 1తో అయిపోయాయి. ఆ తర్వాత పెట్టేవన్నీ మెయిళ్ళతో కలిపి 15 జీబీ లెక్కలోకి వస్తాయి. ఆ గిన్నెను నింపడానికి మా చుట్టాల శుభోదయాలే చాలు.

కాబట్టి చోటు వెతుక్కోవాలి. అత్తిల్లు కర్నూలు, పుట్టిల్లు కడప. మధ్యలో రెండు వందల కిలోమీటర్లు, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళెత్తుకుని కడప దాకా పోయే కె.సి. కాలువ ఈ రెండూళ్ళనూ పేరులోనే ముడివేసుకుంది. ఒక డిస్కు ఇక్కడ, ఒకటి తమ్ముడింట్లో. ఇంతకన్నా భద్రమేముంటుంది అనుకుంటూ ఉండగా 2021 నవంబరు 19న రాజంపేట వైపు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి. అది కడపకు దూరమే, తమ్ముడి ఇల్లు మిట్ట మీదే. అయినా టీవీలో ఆ బురద చూశాక 'కడపలో పెట్టేస్తే సరి' అనే మాట నోట్లోనే ఆగిపోయింది. మూడో కాపీ కావాల్సిందే.

నేను ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పాను కాబట్టి, మా వాడి త్రీ టూ వన్‌ను నేను ముందెక్కడో చూశానని అనిపిస్తూ ఉంది. ఎక్కడో కాదు, ఎర్రగుడిలో. పత్తికొండ దాటాక తుగ్గలి వైపు, ఎర్రటి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటబడేదాకా పశువుల కాపర్లే వాటి పాఠకులు. పిల్లలను రెండు మూడు సార్లు తీసుకుపోయాను. ఎక్కి చూసి, "ఇన్ని రాళ్ళ మీద ఇంత రాసేదానికి ఎన్ని రోజులు పట్టింటుంది మేడమ్?" అని అడుగుతారు. పద్నాలుగు పెద్ద శాసనాలు. ఇవే పద్నాలుగూ గుజరాత్‌లో గిర్నార్ దగ్గర ఉన్నాయి, హిమాలయాల కింద కాల్సీలో ఉన్నాయి, ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో వేరే లిపిలో, కుడి నుంచి ఎడమకు పోయే ఖరోష్ఠిలో ఉన్నాయి. రాళ్ళ మీద కొన్ని, స్తంభాల మీద కొన్ని. రాజు తన మాట ఒకచోట చెక్కించి ఊరుకోలేదు.

అంతకన్నా నాకు ఇష్టమైంది రాజులమందగిరి. అదీ పత్తికొండ దగ్గరే, ఎర్రగుడికి పెద్ద దూరం కాదు. అక్కడా అశోకుడి చిన్న శాసనం ఉంది, కాకపోతే బాగా అరిగిపోయింది. ఆ అరిగిన అక్షరాల మధ్య ఖాళీలను పండితులు ఎర్రగుడి కాపీని పక్కన పెట్టుకుని నింపుకున్నారు. ఎర్రగుడి చిన్న శాసనం చెక్కినవాడు కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, దుక్కి దున్నే ఎద్దు మలుపు తిరిగినట్టు రాశాడు. ఎందుకట్లా చేశాడో వాడికే తెలియాలి. అయినా రెండు కాపీలున్నాయి గనక, ఒకటి అరిగినా ఒకటి తిరగబడినా, మాట దక్కింది. ఆదోని మామ పదకొండు ఫొటోలు నాకు రాజులమందగిరి గుర్తొచ్చినప్పుడల్లా గుర్తొస్తాయి.

ఎర్రగుడికి ఆనుకున్నట్టే జొన్నగిరి. తొలకరి పడిందంటే ఆ చుట్టుపక్కల చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, సద్దిమూటలతో, పిల్లాజెల్లతో, చెట్ల కింద మకాం పెట్టి, పొద్దస్తమానం నేల చూపులు చూస్తూ నడుస్తారు. వాన ఎర్రమట్టిని కడిగితే రాయి తళుక్కుమంటుందని ఆశ. దొరికినవాళ్ళ కథ ఏడాదంతా చెప్పుకుంటారు, దొరకనివాళ్ళ కథలకు వినేవాళ్ళుండరు. నలభై ఒక్క వేల ఫొటోల్లో నేను నెలరోజులు చేసింది ఆ వేటే. తేడా ఒకటే: నేను రాళ్ళను పారెయ్యాలి కూడా.

పారెయ్యడం తేలికనుకున్నాను. గులాబీల మీద శుభోదయాలు, వినాయక చవితికి ముప్పైమంది పంపిన ఒకే వినాయకుడు, జేబులో నొక్కుకుపోయి తీసుకున్న చీకటి, ఒకే దోసెకు ఆరు ఫొటోలు. ఇవి రెండు రోజుల్లో పోయాయి. తర్వాత చెయ్యి ఆగింది. 2016లో నేను తీసిన గ్యాస్ రసీదు ఫొటో ఒకటి. సబ్సిడీ పడలేదని ఎవరికో పంపడానికి, కడప ఇంటి వసారాలో అరుగు మీద పెట్టి తీసింది. డిలీట్ నొక్కబోతూ ఎందుకో పెద్దది చేసి చూశాను. రసీదుకు కుడిపక్క పైమూల అమ్మ చెయ్యి ఉంది. శెనక్కాయలు వలుస్తోంది. మణికట్టుకు రెండు మట్టిగాజులు, బొటనవేలికి అప్పుడెప్పుడో కొడవలి తెగిన మచ్చ. అమ్మ 2018లో పోయింది. ఆమె ముఖం ఉన్న ఫొటోలు చాలా ఉన్నాయి, అన్నిట్లోనూ కెమెరా వైపు బిగుసుకుని చూస్తుంది. పని చేస్తూ ఉన్నది ఇదొక్కటే.

ఆ తర్వాత పారేసే పనిలో నా వేగం బాగా పడిపోయింది.

తేదీల దగ్గరికొస్తే ఇంకో గోల. ప్రతి డిజిటల్ ఫొటో కడుపులో ఒక చీటీ ఉంటుంది, ఎగ్జిఫ్ అంటారు. ఏ కెమెరాతో, ఏ రోజు, ఏ క్షణాన తీశారో, కొన్నిట్లో ఏ చోటో కూడా రాసి ఉంటుంది. బ్రహ్మరాతలాంటిదనుకుని నమ్మాను. నా పాత కెమెరాలో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆన్ చేసిన ప్రతిసారీ దానికి 2002 జనవరి 1. దాంతో మా బడి పంద్రాగస్టులు మూడు, ఒక మంత్రాలయం యాత్ర, మా ఆడపడుచు సీమంతం అన్నీ ఒకే అర్ధరాత్రి పన్నెండు దాటాక పది నిమిషాల్లో జరిగిపోయాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలకైతే ఆ చీటీనే ఉండదు, దారిలో ఊడగొడతారు. ఫైలు పేరులో ఉండే తేదీ మనకు చేరిన తేదీ, తీసిన తేదీ కాదు.

బడి ఫొటోలను కాపాడింది నల్లబల్ల. ప్రతి తరగతిలో బల్ల కుడిమూల తేదీ, మొత్తం ఎంతమంది, వచ్చింది ఎంతమంది అని రాయించేదాన్ని. ఎగ్జిఫ్ మర్చిపోయింది సుద్దముక్క మర్చిపోలేదు. 'మొత్తం 52, హాజరు 38' అని ఉంటే అది శెనక్కాయ పీకే కాలమని కూడా తెలిసిపోతుంది.

పేర్లు పెట్టడంలో నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను, అక్కరకొస్తుంది. మనం తేదీ రాసేటట్టు ముందు రోజు, తర్వాత నెల, చివర ఏడాది పెట్టామంటే కంప్యూటరు అన్నేళ్ళ ఒకటో తేదీలనూ ఒకచోట గుంపు కట్టేస్తుంది. సంవత్సరం ముందు రాయాలి, తర్వాత నెల, తర్వాత రోజు. అప్పుడు వాటంతటవే వరుసలో నిలబడతాయి, బడి ప్రార్థనలో పిల్లల కన్నా బుద్ధిగా. ఆ పక్కన ఊరు, సందర్భం. అంతకు మించి ఫోల్డర్ల లోపల ఫోల్డర్లు కట్టుకుంటూ పోతే మనమే దారి తప్పుతాం. నేను మొదట్లో పండుగలు, పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, చావులు అని విడగొట్టాను. పెళ్ళికి పోతూ దారిలో తీసింది ఎందులో పెట్టాలి? అన్నిటినీ కలిపేసి మళ్ళీ ఏడాది ప్రకారం పెట్టడానికి వారం పట్టింది.

కడపలో యర్రముక్కపల్లె వైపు పోతే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. తర్వాత ఇక్కడే ఒక బంగళా, తోట కొని, పండితులకు జీతాలిచ్చి తాటాకు గ్రంథాలకు కాగితాల మీద ప్రతులు రాయించాడు. ఆ బంగళా కూలిపోయిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టారు. వేమన పద్యాల కోసం బ్రౌన్ రకరకాల చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, 1829లో అచ్చు వేయించాడు. చదువుకునే రోజుల్లో ఆ పోల్చే పని నాకు ఎందుకో అర్థం కాలేదు. ఒక పుస్తకం ఉంటే చాలదా?

నా కంప్యూటరులో తమ్ముడి గృహప్రవేశం ఫొటో ఒకటి పదకొండు కాపీలు తేలింది. అప్పుడు అర్థమైంది. కెమెరాలోంచి వచ్చింది నాలుగు ఎంబీలు. వాట్సాప్‌లో తిరిగొచ్చింది దానిలో ముప్పయ్యో వంతు లేదు. ఒకదానికి ఎవరో చుట్టూ గులాబీలు పెట్టారు. ఒకటి స్టేటస్‌లో పెట్టిన దానికి స్క్రీన్‌షాట్, పైన బ్యాటరీ 12 శాతం అని కూడా కనబడుతుంది. ఒకటి గోడకున్న పటానికి మళ్ళీ తీసిన ఫొటో, అద్దంలో తీసేవాడి మోచెయ్యితో సహా. రాతగాడు మారినప్పుడల్లా ఒక అక్షరం జారినట్టు, చెయ్యి మారినప్పుడల్లా ఫొటోలో కొంత రాలుతుంది. ఒకే రకం ఫైళ్ళను ఏరి చూపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి ప్రతి ఫైలుకు ఒక వేలిముద్ర లెక్కగట్టి పోలుస్తాయి. ఒక్క చుక్క తేడా ఉన్నా వాటికి అది వేరే ఫొటో. కంటికి ఒకటిగా కనబడే పదకొండూ దానికి పదకొండు. పెద్ద ఫైలే అసలుది అనుకుందామా అంటే, చిన్నదాన్ని సాగదీసి పెద్దది చేసిన మహానుభావులూ మా బంధువర్గంలో ఉన్నారు. చివరికి బ్రౌన్ పండితుల మాదిరి అన్నీ పక్కపక్కన పెట్టుకుని కళ్ళతో చూడ్డమే.

ఒక్కోచోట అసలుది ఎక్కడా లేదు. వాన పడ్డ తాటాకులా మసకబారిన ఆ వాట్సాప్ ముక్కే దిక్కు. అట్లాంటివి తీసేయలేదు. అన్నిట్లోకీ వాటినే ముందు భద్రం చేశాను.

ఇంతా చేసి ఫొటోల్లో ఉన్నది ఎవరు? కంప్యూటరు ముఖాలను గుర్తుపట్టి గంపలుగా పోస్తుంది, పేరు మనం చెప్పాలి. ఒకరోజు నా ముఖాన్నీ, నలభై ఏళ్ళప్పటి అమ్మ ముఖాన్నీ పక్కపక్కన చూపించి 'ఇద్దరూ ఒకరేనా?' అని అడిగింది. కాదు అని నొక్కడానికి కాస్త సేపు పట్టింది నాకు.

పాత ఫొటోలకు పేర్లు చెప్పగలిగినవాళ్ళు మా వైపు ఒక్కరే మిగిలారు, అమ్మకు అక్క, మా పెద్దమ్మ. ఎనభై ఆరేళ్ళు. మోకాళ్ళు పనిచేయవు గానీ చుట్టరికాలు వేలి కొసల మీద ఉంటాయి. లాప్‌టాప్ ఎత్తుకుని కడప పోయి నాలుగు రోజులు ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

"ఈ ఎర్రచీర ఎవరు పెద్దమ్మా?"

"మైదుకూరత్త."

రాసుకున్నాను. ఇంకో ఫొటోలో ఇంకొకామె. "ఈమె?"

"మైదుకూరత్త."

"ఇందాక ఆమెను చెప్పినావు కదా?"

"ఏమ్మే, మైదుకూరులో ఒకే అత్త ఉంటాదా? ఆమె పాత ఇంటామె. ఈమె మిల్లు కాడామె."

ఇద్దరి అసలు పేర్లూ అడిగాను. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. డెబ్బై ఏళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో తిరిగిన మనిషికి ఒకరి పేరు గుర్తొచ్చింది, ఒకరిది రాలేదు. "పేరుతో ఎవురు పిల్చినారే ఆమెను?" అంది. కంప్యూటరులో పేరు అని రాసిన గడిలో నేను 'మైదుకూరత్త, మిల్లు కాడామె' అని కొట్టాను. అది కిమ్మనకుండా తీసుకుంది.

ఆ గడిలో రాసినవన్నీ ఫొటోతో పాటు పోవని తర్వాత తెలిసింది. చాలా యాప్‌లు పేర్లను తమ దగ్గరే రాసిపెట్టుకుంటాయి. ఫొటోను ఇంకో చోటికి తీసుకుపోతే అది మళ్ళీ అనాథ. అందుకని ముఖ్యమైనవాటికి ఫైలు పేరులోనే రాశాను, వెనకటికి కాగితం ఫొటో వెనక పెన్సిలుతో రాసినట్టు. తెలుగులోనే రాశాను. తమ్ముడింటి పాత టీవీలో పెడితే అక్షరాల బదులు డబ్బాలు కనబడతాయి. టీవీ రేపో మాపో పోతుంది, అత్తల పేర్లు ఇంగ్లీషులో రాస్తే నాకే అర్థం కావు.

నాలుగో రోజు పెద్దమ్మ అడిగింది, "ఇదంతా పోతే?" అని. పోదని, మూడు కాపీలున్నాయని చెప్పాను.

"యాడ?"

"ఒకటి కర్నూల్లో నా కాడ. ఒకటి ఈడ తమ్మునింట్లో పెడతాండా."

"మూడో కాపీ యాడుంది?"

"గూగులోళ్ళ కాడ పెద్దమ్మా. దుడ్లు కట్టి జాగా తీసుకున్నా."

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "వాళ్ళు మనకేమైతారు?" అంది.

దానికి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు. ఆ రాత్రి కూర్చుని రెండు వందల ఫొటోలు ఏరి, పొద్దున పోయి స్టూడియోలో ప్రింట్లు వేయించాను, ఒక్కోటి నాలుగేసి. పొద్దుటూరుకు, ఆదోనికి, రెండు మైదుకూర్లకు పంపాను. ఖర్చు గురించి సణిగేదానికి మా అత్త లేదు, ఆ పని మా ఆయన చేశాడు.

తమ్ముడింటి డిస్కును మెత్తటి గుడ్డలో చుట్టి స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి బీరువాలో ఉంచాం. ఉగాదికి ఉగాదికి దాన్ని తీసి తెరిచి చూడాలని మా వాడి ఆజ్ఞ. దాచిపెట్టడం సగమేనట, తెరుచుకుంటేనే కాపీ అట. మొదటి ఉగాదికి తమ్ముడు, "అక్కా, తెరుచుకుంటాండ్లే" అని ఫోను చేశాడు. వైరు మార్చితే తెరుచుకుంది. ఈ ఉగాదికి ఆ పని తమ్ముడి కూతురు చేసింది. తొమ్మిదో తరగతి, నాకన్నా వడిగా కొడుతుంది. ఒక్కో ఏడాదిలో నాలుగైదు ఫొటోలు తెరిచి చూసి బాగున్నాయి, బాగున్నాయి అంటూ వస్తోంది. 2016 దగ్గర ఆగింది.

"అత్తా, ఈడ గ్యాస్ బిల్లు ఒకటుంది. పేరు గూడా పెట్టలేదు, ఊరికే నెంబరుండాది. తీసేద్దునా?"

అన్నిటికీ పేర్లు పెట్టినదాన్ని దానికి పెట్టడం మర్చిపోయాను.

"వద్దు పాపా, ఆగు. దాన్ని పెద్దది చేసి, కుడిపక్క పైమూలకు పోయి చూడు."

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత అది ఫోను పక్కన పెట్టి, "నాయనా, ఒకసారి ఇట్లా రా" అని పిలుస్తోంది.